ఎత్తకూడని బరువు

సిటప్స్ చేస్తుంటే ఇస్త్రీ షాపు వాళ్ల కోడలి పొట్ట మధ్యలో నిలువునా ఒక గట్టు లేచింది. బొడ్డు పైనుంచి పక్కటెముకల దాకా, ఎవరో లోపలినుంచి అరచేతి అంచుతో పైకి తోస్తున్నట్టు ఉంది. ఆమె చూసుకోలేదు. కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టి లేస్తోంది. పక్కన కసరత్తు చేస్తున్న పిల్ల చూసి, "అమ్మో అక్కా, నీ పొట్టేంటి అలా లేచింది!" అని కెవ్వుమంది. గ్రౌండులో ఉన్నవాళ్ల తలలన్నీ ఇటు తిరిగాయి.

విజిల్ మాస్టారు పరుగున వచ్చాడు. ఆయన సైన్యంలో చేసి రిటైరైనవాడు. సైన్యంలో చేరాలని ఉబలాటపడే కుర్రకారుకి రోజూ పొద్దున్నే ఆ గ్రౌండులో తర్ఫీదు ఇస్తుంటాడు. నోట్లోంచి విజిల్ తియ్యడు. తిట్లయినా మెచ్చుకోళ్లయినా దాని పక్క సందులోంచే రావాలి. ఆ రోజు మాత్రం విజిల్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆపమ్మా, ఆపు. నీకు కాన్పయి ఎన్నాళ్లయింది?"

"ఎనిమిదో నెల నడుస్తోంది సార్."

"ఎనిమిది నెలలకి కూడా ఇలా ఉందంటే సిటప్స్ కాదు నువ్వు చెయ్యాల్సింది. ఇలాగే చేశావంటే ఉన్నది కూడా ఊడుతుంది. ముందెళ్లి ఆస్పత్రిలో నర్సమ్మకి చూపించుకో. ఆవిడ సరేనన్నాకే ఈ గ్రౌండులో కాలుపెట్టు."

కోడలు లేచి బట్టలు దులుపుకుంది. ఏడుపు ముంచుకొచ్చింది. గట్టు లేచినందుకు కాదు, కాలుపెట్టొద్దన్నందుకు. ఆ గ్రౌండు ఆమెకు పుట్టిల్లు కంటే ఎక్కువ. పెళ్లికి ముందు అక్కడే పరుగెత్తేది. ఆమె ముందు, తర్వాత మొగుడైన అతను వెనక. ఒకసారైనా దాటాలని అతను, దాటనివ్వకూడదని ఆమె. అలా పరుగెత్తీ పరుగెత్తీ ఒకళ్లకొకళ్లు నచ్చేశారు. సైన్యంలోకి ఎంపిక జరిగిన రోజున ఆమెకు ఒళ్లు కాలిపోయే జ్వరం. అతను గట్టెక్కాడు. "వచ్చే ఏడు నువ్వు రా, సెల్యూట్ కొట్టి తీసుకెళ్తా" అన్నాడు. వచ్చే ఏడు పెళ్లయింది, ఆ పై ఏడు కడుపు వచ్చింది. ఏడో నెల నడుస్తుండగా కొండదారిలో సైనికుల లారీ లోయలో పడింది. అతను ఇంటికి రాలేదు, పెట్టె వచ్చింది.

ఉద్యోగంలో ఉండగా పోయిన సైనికుడి భార్యకు సైన్యంలో చేరడానికి ఒక అవకాశం ఇస్తారు. ఇస్తారంటే ఊరికే చేతిలో పెట్టరు. అందరిలాగే పరుగెత్తాలి, మోచేతుల మీద బల్లలా నిలబడాలి, ఇసక మూట భుజాన వేసుకుని గీత దాటాలి. ఈ విడతలో నెగ్గకపోతే వయసు దాటిపోతుంది. అప్పుడిక ఏ తలుపూ తెరవరు.

పాప కోసమే చేరుతున్నానని ఆమె అందరితోనూ చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అదొక్కటే నిజం కాదు. ఆమెకు వెళ్లాలని ఉంది. మొగుడు పోయినా, ఒళ్లో పసిగుడ్డు ఉన్నా, ఆ యూనిఫాం మీద మోజు చావలేదు. ఆ మాట ఎవరికి చెప్పుకుంటుంది? తల్లి అయి ఉండి అదేం కోరిక అని లోకం మొహం మీదే అంటుంది. లోకం దాకా ఎందుకు, ఆమె తనకు తానే రోజుకోసారి అనుకునేది.

నర్సమ్మ ఆస్పత్రిలో కాన్పుల వార్డులోనే జుట్టు నెరిసిన మనిషి. కోడలితో పాటు అత్త కూడా వెళ్లింది, చంకలో పాపతో. నర్సమ్మ కోడలిని వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం పైకి లేపమని చెప్పి, బొడ్డు పైన వేళ్లు పక్కపక్కన పెట్టి మెల్లగా లోపలికి నొక్కింది. మూడు వేళ్లు సులువుగా దిగాయి.

"ఇదిగో, ఇక్కడ రెండు కండలుంటాయి. లోపల బిడ్డ పెరుగుతుంటే పాపం ఇవి చెరో పక్కకీ జరిగి చోటిచ్చాయి. కాన్పయ్యాక చాలామందికి వాటంతటవే దగ్గరికొస్తాయి. నీవి రాలేదు."

"ఇక రావా అమ్మా?"

"ఎందుకు రావు? వస్తాయి. గదమాయిస్తే రావు, బతిమాలితే వస్తాయి. నువ్వేమో గదమాయిస్తున్నావు."

బతిమాలడం ఎలాగో నర్సమ్మే నేర్పింది. గాలి పూర్తిగా వదులుతూ బొడ్డును వెన్ను వైపు లాక్కోవాలి. పడుకుని మోకాళ్లు మడిచి, ఒక్కో మడమను నేలమీద మెల్లగా జార్చాలి. చూడ్డానికి అదొక కసరత్తులానే ఉండదు, బద్ధకంగా దొర్లుతున్నట్టు ఉంటుంది. పరుగుపందెంలో మగపిల్లల్ని దాటినదానికి అది ఎంత నామోషీయో ఆలోచించండి. నాలుగుసార్లు చేసేసరికి ఆమెకు చెమటలు పట్టాయి.

"బరువులెత్తకు," అంది నర్సమ్మ చేతులు కడుక్కుంటూ. "మీ షాపులో ఆ బట్టల మూటలు అసలు ముట్టుకోకు. పాపను కూడా కొన్నాళ్లు వంగి కిందనుంచి ఎత్తొద్దు. కూర్చుని ఉంటే ఎవరైనా ఒళ్లో పెడతారు, అప్పుడు ఆడించుకో."

అత్త అంతా విన్నది. ఇంటికొచ్చేసరికి ఆ మాటల్లో సగమే మిగిలింది. "నర్సమ్మ చెప్పింది, పిల్లను ఎత్తుకోకూడదట" అని వీధి గుమ్మంలోనే ఇరుగుపొరుగుకి చాటేసింది. కోడలు దిద్దబోయి ఊరుకుంది. కొంచెం ఎక్కువ జాగ్రత్త పడితే త్వరగా బాగవుతుందేమో అనుకుంది. తొందర ఉన్న మనిషికి ఎక్కువ జాగ్రత్త కూడా లాభంలాగే కనిపిస్తుంది.

అత్తది ఇస్త్రీ షాపు. ముందు గదిలో బల్ల, వెనక గదిలో కాపురం. లాడ్జీల దుప్పట్లు, ఆస్పత్రి కోట్లు, బడిపిల్లల యూనిఫాంలు మూటలు మూటలుగా వచ్చేవి. అత్తకి నోరు పెద్దది, చేతులు ఇంకా పెద్దవి. ఎడమచంకలో పిల్లను ఇరికించుకుని, కుడిచేత్తో ఇస్త్రీ పెట్టె నడిపిస్తూ, గిరాకీలతో వాదనలు కూడా పెట్టుకోగలదు. కొడుకు పోయాక ఆమె మాట తగ్గుతుందని అందరూ అనుకున్నారు. తగ్గకపోగా రెట్టింపయింది. మాట ఆగితే లోపల ఏం వినాల్సి వస్తుందోనని భయం కాబోలు. పాపను ఆమె అసలు పేరుతో ఎప్పుడూ పిలవలేదు. గుండ్రంగా ఉండేది కదా, బుడంకాయ అనేది.

కోడలు పొద్దున్నే వెనక గదిలో మూటల మధ్య చాప పరుచుకుని కసరత్తు మొదలుపెట్టేది. బుడంకాయ పాకుతూ వచ్చేది. వచ్చి, చాప అంచున కూర్చుని, రెండు చేతులూ పైకెత్తేది. ఎత్తుకోమని. పిల్లలకి ఆ భాష ఎవరు నేర్పుతారో గానీ ఎక్కడైనా ఒకటే.

"అత్తయ్యా, కాస్త నా ఒళ్లో పెడతారా?"

"ఒళ్లో పెడితే అది మెడెక్కుతుంది, మెడెక్కితే నువ్వు లేస్తావు, లేస్తే ఆ కండలు మళ్లీ విడిపోతాయి. నీ పని నువ్వు చూసుకో అమ్మాయ్. రావే బుడంకాయా, అమ్మ పొట్టకి బాగోలేదు. మనం షాపు చూసుకుందాం రా."

సీసా పాలు పట్టడం, రాత్రి పక్కలో పడుకోబెట్టుకోవడం కూడా అత్తే చూసుకునేది. మొదట్లో పాప ఏడ్చేది. అత్త భుజం మీదినుంచి వెనక్కి తిరిగి, చేతులు చాచి మరీ ఏడ్చేది. కోడలు గోడ వైపు తిరిగి గాలి వదులుతూ బొడ్డు లోపలికి లాక్కునేది. ఏడుపు వింటూ గాలి నిలకడగా వదలడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు. ఆ తర్వాత ఏడుపు తగ్గింది. ఆ తర్వాత పాప చాప దగ్గర చేతులెత్తడం మానేసింది.

పొట్ట మాత్రం మాట విన్నది. మూడు వేళ్ల సందు రెండయింది. చేతులూ మోకాళ్లూ నేలకి ఆనించి, కుడిచెయ్యి, ఎడమకాలు చాచి కదలకుండా నిలబడే కసరత్తు వచ్చింది. ఆ రోజుల్లో పాప ఆమె పొట్ట కింద నుంచి, వంతెన కింద దూరినట్టు, అటునుంచి ఇటు పాకేది. మధ్యలో ఆగి పైకి చూసి నవ్వేది. కోడలికి రోజు మొత్తంలో పాప ఒళ్లు తగిలేది ఆ కాసేపే. నడుము వణికిపోతున్నా దించేది కాదు. పాప ఇంకోసారి దూరుతుందేమోనని చూసేది.

తొలి అడుగులు మాత్రం ఆ చాప వైపు వెయ్యలేదు. ఒక మధ్యాహ్నం బుడంకాయ మూట పట్టుకుని లేచి, వదిలేసి, తూలుతూ ముందు గదిలోకి నడిచి అత్త కాళ్లకు చుట్టుకుంది. అత్త ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, "ఓ అమ్మాయ్, చూశావా, చూశావా!" అని వీధంతా వినపడేలా అరిచింది. కోడలు చూసింది. చప్పట్లు కొట్టింది. చాలా సంతోషించింది కూడా. ఆ సంతోషంలో ఎక్కడో ఒక ముల్లు ఉంది, దాన్ని ఆ రోజు వెతుక్కోలేదు.

ఆ రోజుల్లోనే నర్సమ్మ తన ఇస్త్రీ బట్టల కోసం షాపుకి వచ్చి, పనిలో పనిగా కోడలిని చూసింది. చాప మీదే పడుకోబెట్టి వేలు పెడితే ఒక్క వేలు కూడా సరిగా దిగలేదు. "భేష్! ఇంక నీ బల్ల కసరత్తు మొదలుపెట్టు. గ్రౌండుకి వెళ్లు. మీ మాస్టారికి నేను చెప్పానని చెప్పు" అంది. కోడలికి కాళ్లు నేలమీద ఆగలేదు. నర్సమ్మ గుమ్మం దాటకముందే చాప మీద మోచేతులు ఆనించి, ఒళ్లంతా కర్రలా చేసి నిలబడింది. ముందు గదిలో నర్సమ్మ అత్తతో ఏదో మాట్లాడుతోంది. అత్త తల ఊపుతోంది. కోడలు వినలేదు. ఊపిరి లెక్కపెట్టుకుంటోంది.

గ్రౌండులో విజిల్ మాస్టారు ఆమెను చూసి విజిల్ ఊది స్వాగతం పలికాడు. ఇక ఆయన చేతిలో పడితే వదులుతాడా? మోచేతుల మీద నిలబెట్టి వీపున ఇటుక పెట్టేవాడు. అది కదిలితే మళ్లీ మొదటికి రావాలి. "బలం చేతుల్లో లేదమ్మా, కాళ్లలోనూ లేదు. ఇక్కడుంది" అని తన బానపొట్ట మీదే కొట్టుకుంటే పిల్లలంతా పగలబడి నవ్వేవారు. కోడలు కూడా నవ్వేది. పాప పుట్టాక ఆమె అలా నవ్వింది అక్కడే.

తర్వాత ఇసక మూట వచ్చింది. మొదట చిన్నది, ఆ తర్వాత పరీక్షలో ఉండేంతది. వంగి, ఊపిరి వదులుతూ, బొడ్డు బిగించి, ఒక్క ఊపున భుజానికి ఎక్కించాలి. పొట్ట ఏమాత్రం పొంగలేదు. మూట మోస్తూ ఆమె గ్రౌండు చుట్టూ తిరిగేది. పక్కింటివాళ్లు గ్రౌండు గోడ దగ్గర ఆగి వింతగా చూసేవారు.

ఇంటికి వచ్చేసరికి పాప అత్త చంకలో ఉండేది. "దా, ఎత్తుకోనా" అని చెయ్యి చాచబోయి ఆగిపోయేది. ఎత్తుకోవద్దన్నారుగా అని గుర్తొచ్చేది. గ్రౌండులో అంత మోశాను, ఇంట్లో కూడా మోస్తే పొట్ట తట్టుకోదేమో, పరీక్ష అయ్యేదాకా ఓపిక పట్టాలి, అనుకునేది. అత్త కూడా అదే అనేది. పాప బుగ్గ ఒకసారి పుణికి, స్నానానికి వెళ్లిపోయేది.

పరీక్షలో ఆమె నెగ్గింది. నెగ్గడమంటే అత్తెసరు నెగ్గడం కాదు. ఆ రోజు వచ్చిన ఆడపిల్లల్లో బల్లలా నిలబడే పందెంలో ఆమే చివరికి మిగిలింది. వీపు వంగుతోందేమోనని చూస్తున్న ఆఫీసరు ఇంకొంచెంసేపు నిలబడగలవా అని వేళాకోళమాడితే నిజంగానే నిలబడింది. ఇసక మూట భుజాన వేసుకుని గీత దాటాక కిందికి పడెయ్యకుండా మెల్లగా దించింది. మరుసటి వారమే తర్ఫీదు కేంద్రానికి రమ్మన్నారు. ఏడాది తర్ఫీదు. పిల్లల్ని తీసుకురాకూడదు.

తిరిగి వస్తూ దారిలో ఆస్పత్రికి వెళ్లింది. ఈ కబురు ముందు నర్సమ్మకే చెప్పాలి కదా. నర్సమ్మ ఆమెను వాటేసుకుని, వెనక్కి జరిగి, అటూ ఇటూ చూసింది.

"మరి పాపేది? ఇంత శుభవార్త చెప్పడానికి వస్తూ దాన్ని చంకనేసుకుని రావొద్దూ?"

"ఎత్తుకోవద్దన్నారుగా మీరు."

"ఎప్పటి మాట అది! ఆ రోజు మీ ఇంట్లో చూశాక మీ అత్తతో చెప్పానుగా, ఇక హాయిగా ఎత్తుకోమను, చంకలో వేసుకుని తిరగమను అని. చెప్పలేదా?"

కోడలు వెనుదిరిగి ఆస్పత్రి మెట్లు దిగింది. దారంతా రోజులు లెక్కపెట్టుకుంటూనే నడిచింది. అన్ని నెలలు! పళ్లొచ్చి జ్వరపడ్డ రోజు, ఉరుములకి జడుసుకున్న రోజు, అన్నిరోజులూ ఆ ముసల్ది చంకన వేసుకుని తిరిగిందన్నమాట. తనని దూరం పెట్టి.

షాపు మెట్లెక్కుతూనే అడిగేసింది. గుమ్మంలో గిరాకీ ఒకాయన ఉన్నాడని కూడా చూడలేదు.

"నర్సమ్మ మీకేం చెప్పింది అత్తయ్యా?"

అత్త ఆమె మొహం చూసింది. ఇస్త్రీ ఆపలేదు. చొక్కా కాలరు మీద పెట్టె మెల్లగా నడిపి, చొక్కా మడిచి, కాగితంలో చుట్టి, గిరాకీకి ఇచ్చి పంపేసింది. అప్పుడు స్విచ్ ఆపింది. బుడంకాయ బల్లకింద మడత దుప్పటి మీద నిద్రపోతోంది.

"చెప్పింది. ఎత్తుకోవచ్చనే చెప్పింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాలనే అనుకున్నా. ఆ రాత్రి చెబుదామని, తెల్లారాక చెబుదామని..." అత్తకి మాట తడబడటం కోడలు అదే మొదటిసారి చూడటం. "నువ్వు ఎలాగూ వెళ్తావు. నీ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. నువ్వెళ్లాక ఇది గుమ్మం వైపు చూస్తూ అమ్మా అమ్మా అని ఏడిస్తే నేనేం చెయ్యను? దాని నాన్న పోయినప్పుడు నేనెలా ఏడ్చానో నాకు తెలుసు. దానికి అది వద్దనిపించింది. ముందే అలవాటు తప్పిస్తే నెప్పి తెలియకుండా పోతుందనుకున్నా."

"నా బిడ్డకి నన్ను అలవాటు తప్పిస్తారా? మీరెవరు?"

"ఇంకోటి కూడా ఉంది. నీ దగ్గర అబద్ధం ఎందుకు." అత్త బల్లకింద పాప వైపు చూసింది. "అది చంకలో ఉంటే నాకు వాడు ఉన్నట్టే ఉంటుంది. ఇదే బరువు. ఇలాగే ఎడమవైపుకి వాలిపోయేవాడు. నీకిచ్చేస్తే ఈ చెయ్యి ఖాళీ అయిపోతుందని భయమేసింది. తప్పే. తప్పు కాదనను."

కోడలు ఇంకా చాలా అనాలనుకుంది. దారిపొడుగునా కూడబెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఇంతలో అత్త, కోపంగా కాదు, ఏదో తెలియక అడుగుతున్నట్టు అడిగింది.

"నేను చెప్పలేదు సరేనమ్మాయ్. నువ్వెందుకు అడగలేదు?"

"ఏంటి?"

"గ్రౌండులో ఇసక మూట మోస్తున్నావు కదా. పక్కింటావిడ చూసొచ్చి చెప్పింది, మగాడిలా మోస్తోందని. ఇది అందులో సగం కూడా ఉండదు. ఇవాళైనా అడుగుతావు, రేపైనా అడుగుతావు, అడిగితే ఇచ్చేద్దామని రోజూ చూశాను. నువ్వు స్నానానికి వెళ్లిపోయేదానివి."

ఇసక మూట ఎత్తొచ్చని కోడలికి ఎవరు చెప్పారు? నర్సమ్మ చెప్పలేదు. ఆమె అడగలేదు. మూట ఎత్తడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది, బిడ్డను ఎత్తడానికే కావాల్సి వచ్చింది. ఎందుకో ఆమెకు తెలుసు. ఎత్తుకుంటే వెళ్లలేనని తెలుసు. ఆ వద్దన్న మాట వెనక తను కూడా దాక్కుంది. అత్త ఒక్కతే కాదు, ఇద్దరూ కలిసే చేశారు ఈ పని. అలా తెలిశాక కోపం ఎటు పోయిందో పోయింది. దాని చోటులో వచ్చింది కోపం కంటే పాడుది.

పాప నిద్రలేచింది. కోడలు వంగి, రెండు చేతులూ చంకల కింద పెట్టి ఎత్తింది. ఊపిరి వదలడం గానీ, బొడ్డు బిగించడం గానీ ఏమీ గుర్తురాలేదు. పాప అనుకున్నదానికంటే బరువుగా ఉంది. పరీక్షలో మోసిన మూట ఎంత తూగుతుందో ఎవరడిగినా చెప్పగలదు, కడుపున పుట్టినది ఎంత తూగుతుందో ఆమెకు తెలియదు.

పాప ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. చుట్టాలావిడ ఎత్తుకుంటే కూర్చున్నట్టు, నడుము నిటారుగా పెట్టుకుని, మెడ చుట్టూ చేతులు వెయ్యకుండా, బుద్ధిగా కూర్చుంది. షాపుకొచ్చే గిరాకీలు ముద్దుచేస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది. తర్వాత అత్త వైపు చూసింది, ఇక్కడ ఎంతసేపుండాలి అన్నట్టు.

"ఉండవే, అమ్మే" అంది అత్త. అని వెనక గదిలోకి వెళ్లి, అక్కడ పనేమీ లేకపోయినా, తలుపు దగ్గరగా వేసుకుంది.

ఇక మిగిలింది కొద్దిరోజులే. తెలివైనదైతే ఏం చేసి ఉండేది? అయ్యిందేదో అయ్యింది, పిల్ల ఎలాగూ అలవాటు తప్పింది, ఇలాగే ఉండనిద్దాం, ఏడాదికి వచ్చి చూసుకుందాం అనుకునేది. అత్త కూడా ఒకసారి ఆ మాటే నోటి దాకా తెచ్చుకుంది. "ఇప్పుడు దాన్ని మచ్చిక చేసుకుంటే వెళ్లేటప్పుడు..." అని మొదలుపెట్టి, కోడలి కళ్లు చూసి, మిగతాది మింగేసింది.

కోడలు దించలేదు. నిద్రలేచింది మొదలు పాప ఆమె చంకలోనే ఉండేది. గ్రౌండుకి ఎత్తుకెళ్లింది, విజిల్ మాస్టారి విజిల్ పాప నోట్లో పెట్టింది. పాప ఊదితే వచ్చిన కూతకి అదే ఉలిక్కిపడి, తర్వాత ఆగకుండా నవ్వింది. వీధి వీధీ తిప్పింది. కూరల బజారులో నిలబెట్టి ప్రతి దాని పేరూ చెప్పింది. చేతులు పీకినా, నడుము లాగినా దించలేదు. ఆ పొట్టను అన్ని నెలలు బతిమాలి బతిమాలి కూడగట్టుకున్న బలమంతా ఆ కొద్దిరోజుల్లో పిల్లను మొయ్యడానికే వాడేసింది. మొదటిరోజు నిటారుగా కూర్చున్న నడుము రెండోరోజుకి కొంచెం వాలింది. ఆ తర్వాత తల భుజం మీద ఆనింది. ఆ తర్వాత చెయ్యి మెడ చుట్టూ పడింది. ఒకరోజు అన్నం తినిపించడానికి అత్త చేతులు చాస్తే బుడంకాయ మొహం తిప్పుకుని తల్లి మెడలో దాచుకుంది.

అత్త చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. "సరే తల్లీ, అమ్మ చేతే తిను" అని గిన్నె కోడలికిచ్చింది. ఇస్త్రీ పెట్టె స్విచ్ వేసుకుని, ఆ పూటంతా రెండు చేతులతో పని చేసింది.

వెళ్లే రోజు పొద్దున్నే తర్ఫీదు కేంద్రం వాళ్ల బస్సు గ్రౌండు గేటు దగ్గరికి వచ్చింది. ఎంపికైన మిగతా పిల్లల అమ్మానాన్నలు కూడా వచ్చారు. విజిల్ మాస్టారు ఒక్కొక్కళ్ల భుజం తడుతున్నాడు. కోడలు పాపను ఎత్తుకునే వచ్చింది. సామాను అత్త మోసుకొచ్చింది.

"ఇవ్వు" అంది అత్త.

కోడలు ఇవ్వబోయింది. పాపకి ఎలా తెలిసిందో తెలిసిపోయింది. మెడ పట్టుకుంది, జుట్టు పట్టుకుంది, కాళ్లు నడుము చుట్టూ బిగించింది. అత్త ఒక చెయ్యి విడదీస్తే ఇంకో చేత్తో పట్టుకుంటోంది. వీధంతా దద్దరిల్లేలా గుక్కపట్టి ఏడుస్తోంది. చూస్తున్నవాళ్లు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. అత్త, నేను చెప్పానా అనలేదు, చూశావా అనలేదు. ఒక్కో వేలూ నెప్పిపెట్టకుండా విప్పుతూ, "అయిపోయింది బుడంకాయా, అయిపోయింది" అంటూ, చివరికి పిల్లను తన వైపుకి లాక్కుంది. పాప ఆమె మొహం మీద కొట్టింది. అత్త కొట్టించుకుంది.

కోడలు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఏడుపు అక్కడికీ వినపడుతోంది. చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, అది వింటుంటే ఆమెకు ఒక్క క్షణం సంతోషం కలిగింది. నా కోసమే ఏడుస్తోంది, నా కోసమే, అనుకుంది. బస్సు కదిలి మలుపు తిరగబోతుండగా వెనక్కి చూస్తే, అత్త పిల్లను భుజాన వేసుకుని ఊపుతూ గ్రౌండు గోడ వెంట అటూ ఇటూ నడుస్తోంది. అప్పుడు అర్థమైంది, తను చేసింది ఏమిటో. తను తీసుకెళ్తున్నది ఆ ఒక్క క్షణం సంతోషం, అత్తకి వదిలేసి వెళ్తున్నది ఆ ఏడుపు. బస్సు మలుపు తిరిగింది. ఆమెకు ఇక ఏమీ వినపడలేదు. అక్కడ పిల్ల ఏడుస్తూనే ఉంది, అత్త నడుస్తూనే ఉంది.